పదకొండు ఒకట్లు: 47వ రోజు

దొరికింది! 11,11,11,11,111, అంటే వరసగా పదకొండు ఒకట్లు. దీన్ని 21,649 నిశ్శేషంగా భాగిస్తుంది. కంప్యూటర్‌కిస్తే రెప్పపాటులో చెప్పేస్తుందని తెలుసు. నాకు మాత్రం పెన్నూ కాగితంతోనే తేల్చుకోవాలనిపించింది.

ఎక్కడ వెతకాలన్నదే అసలు సంగతి. పదకొండు ఒకట్లను 9తో గుణించి ఒకటి కలిపితే 1 పక్కన పదకొండు సున్నాలు వస్తాయి. అందుకే ఒక ప్రధాన సంఖ్య దీన్ని భాగించాలంటే, పది పదులు వంద, వంద పదులు వెయ్యి అంటూ దానితో భాగించుకుంటూ పోతే పదకొండో మెట్టులో (1 పక్కన పదకొండు సున్నాల దగ్గర) శేషం 1 రావాలి, అంతకుముందు రాకూడదు. అప్పుడు ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే 11 గుణిజం మిగలాలి, అది సరి సంఖ్య కూడా కాబట్టి 22 గుణిజం. అంటే 23, 45, 67, 89... ఈ వరసలోనే వెతకాలి. ఇంకో జల్లెడ కూడా ఉంది. 11 బేసి కాబట్టి 10 వర్గ శేషం అవుతుంది, అంటే ఏదో ఒక వర్గాన్ని ఆ ప్రధాన సంఖ్యతో భాగిస్తే 10 మిగులుతుంది. అందువల్ల ఆ ప్రధాన సంఖ్యను 40తో భాగిస్తే 1, 3, 9, 13, 27, 31, 37, 39లలో ఏదో ఒకటి మిగలాలి. 23 అక్కడే పోయింది. ఇది నాకు మూడో వారంలో గానీ తట్టలేదు. అప్పటికే అరవై దాకా అనవసరపు భాగహారాలు చేసేశాను, చాలా బాధేసింది. 3, 7, 13తో పోయేవి కూడా కొట్టేస్తే 21,649 దాకా చూడాల్సినవి దాదాపు 210.

బెంగళూరు అవెన్యూ రోడ్డులో కొన్న చదరాల నోట్‌బుక్కులో సంఖ్యకో అరపేజీ. పైన దాని ఎక్కం తొమ్మిది దాకా రాస్తాను. తొమ్మిదోదానికి ఆ సంఖ్యనే ఇంకోసారి కలిపితే చివర సున్నాతో అదే సంఖ్య రావాలి, రాకపోతే ఎక్కం తప్పు. తర్వాతంతా తీసివేతే: శేషం పక్కన సున్నా పెట్టడం, ఎక్కం చూసి తీసెయ్యడం. అయిదంకెల సంఖ్యకి ఆరు నిమిషాలు. వైట్‌ఫీల్డ్‌లో మెట్రో ఎక్కాక సీటు దొరికితే ఎం.జి.రోడ్డు వచ్చేలోపు నాలుగైదు అవుతాయి.

21,649కి ఆరో మెట్టులో 4,146 వచ్చింది. తర్వాత 19,811. 3,269. 11,041. పదో మెట్టులో 2,165. దాని పక్కన సున్నా పెట్టాను: 21,650. పేజీ పైకి చూశాను. తీసేస్తే ఒకటి! చెయ్యి వణికింది, నిజంగా.

భాగఫలం 5,13,239. దీన్ని మళ్ళీ విడగొట్టే పని లేదు. దీన్ని భాగించేది ఏదైనా పదకొండు ఒకట్ల సంఖ్యనూ భాగించాలి, దీని వర్గమూలం 716 దాకా చూస్తే చాలు, ఆ లోపు అలాంటివన్నీ ఎప్పుడో చూసేశాను. కాబట్టి ఇదీ ప్రధాన సంఖ్యే.

హిందూపురంలో ఉన్న నాన్నకి ఫోన్ చేశాను. రిటైరైన లెక్కల మాస్టారు. "ఉండు, గుణించి చూస్తా" అని పెట్టేశారు. పావుగంటకి ఆయనే చేసి, "పదకొండూ ఒకట్లే వచ్చాయిరా" అన్నారు.

ఇప్పుడు పదమూడు ఒకట్లు మొదలుపెట్టాను. వరస 26 చొప్పున. 53, 79 మొదటి రోజే దొరికాయి, మిగిలింది 26,53,71,653. అది ప్రధాన సంఖ్యో కాదో తేలాలంటే 16,290 దాకా వెళ్ళాలి. నిన్న రాత్రికి 911 అయింది.