లా తురెత్ నమూనా: నాలుగో నెల పని

ఫ్రాన్సులో లియాన్ నగరానికి చేరువన, ఎవ్యూ గ్రామపు కొండవాలు మీద, డొమినికన్ అనే క్రైస్తవ సభకు చెందిన యువ సన్యాసుల చదువు కోసం వాస్తుశిల్పి లె కార్బుజియే రూపొందించిన లా తురెత్ మఠ విద్యాలయానికి 1:100 నిష్పత్తిలో అట్ట నమూనా చేస్తున్నాను. 1960లో ప్రతిష్ఠ జరిగిన ఈ కట్టడం 2016లో, ఆయనే రూపొందించిన చండీగఢ్ క్యాపిటల్ కాంప్లెక్సుతో పాటు యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. చండీగఢ్ చూసి వచ్చాకే నాకు దీని మీద మనసు పడింది.

పై రెండు అంతస్తులలో దాదాపు నూరు గదులున్నాయి. ఒక్కొక్కటి 1.83 మీటర్ల వెడల్పు, 2.26 మీటర్ల ఎత్తు, 5.92 మీటర్ల పొడవు. మొదటిది మనిషి నిలువు, రెండవది చేయి పైకెత్తితే అందే ఎత్తు అని వాస్తుశిల్పి మనిషి శరీరం ఆధారంగా తాను తయారుచేసుకున్న మాడ్యులార్ కొలమానంలో నిర్ణయించుకున్నాడు. నా అట్ట మీద గది వెడల్పు 18.3 మిల్లీమీటర్లు. అయితే అడ్డగోడకు వాడిన ఒక మిల్లీమీటరు అట్ట మందాన్ని మొదట లెక్కలో వేసుకోనందువల్ల, ఇరవై గదులు పేర్చేసరికి వరుస రెండు సెంటీమీటర్లు ముందుకు జరిగింది. ఆ వరుస మొత్తం విప్పి మళ్ళీ కోశాను.

అంతకన్నా పెద్ద పొరపాటు పునాదిలో చేశాను. థర్మాకోల్ పొరలతో ముందుగా కొండవాలు చేసి, దాని మీద స్తంభాలు నిలిపి పైకి కట్టుకుంటూ పోతే, కప్పు గీత ఎక్కడా మట్టంగా రాలేదు. అసలు కట్టడంలో కప్పు అంచును సమతలంగా నిర్ణయించుకుని, అక్కడి నుండి కిందికి దిగుతూ, నేల ఎక్కడ తగిలితే స్తంభం అక్కడ ఆగేటట్లు రూపొందించారు. నేనూ అదే దారి పట్టి, గాజు పలక మీద కప్పును బోర్లించి, అంతస్తులను తలకిందులుగా అంటిస్తూ వస్తున్నాను. స్తంభాలను చిట్టచివర, వాలుకు ఒక్కొక్కటే కొలిచి కోస్తాను.

విశాఖ తేమకు అట్ట వంగిపోతుంది. తెల్ల జిగురును పుల్లతో పలుచగా రాసి, రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచితే నిలుస్తున్నది. వసారాల ముందు పలకల మీది గులకరాళ్ళ గరుకుదనం కోసం ఆర్.కె. బీచ్ ఇసుకను జల్లించి, మూడుసార్లు మంచినీటితో కడిగి, ఎండబెట్టి చల్లాను. ఉప్పు మిగిలితే అది తేమను లాగుతూనే ఉంటుంది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన భాగం కింది అంతస్తుల గాజు గోడ. అప్పట్లో లె కార్బుజియే దగ్గర పనిచేసిన స్వరకర్త ఇయానిస్ జెనాకిస్ కాంక్రీటు నిలువుపట్టీలను ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా పేర్చాడు. మృదంగంలో నడక మారినట్లు ఉంటుంది! గాజుకు బదులు వాడిన పారదర్శకమైన ఓహెచ్‌పీ షీటు మీద పట్టీలను పట్టకారుతో అంటిస్తుంటే గంటకు పది సెంటీమీటర్ల గోడ కూడా సాగడం లేదు.

చర్చి పక్క ప్రార్థనాస్థలం మీది మూడు వెలుతురు గొట్టాలకు స్కెచ్ పెన్ను మూతలు పెట్టి చూశాను. మరీ నిటారుగా ఉన్నాయి. చార్టు కాగితాన్ని శంకువులుగా చుట్టి, మూడింటినీ వేర్వేరు వాలులో కోయడం ఈ వారపు పని.