నాన్న మోషన్ల నోట్‌బుక్

తుంటి ఎముక ఆపరేషన్ తర్వాత నాన్నని ఇంటికి తెచ్చుకున్నాక, మాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఆయన మోషన్. నొప్పికి ట్రమడాల్, రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు, దానికి తోడు రోజంతా మంచం మీదే. మలం బిగిసిపోవడానికి వీటిలో ఏ ఒక్కటైనా చాలు. "అయిందా నాన్నా?" అంటే "ఆ, ఏదో అయిందిలే" అనేవారు.

డిశ్చార్జి రోజునే సిస్టర్ ఒకావిడ మలం ఆకారాన్ని ఒకటి నుంచి ఏడు దాకా నంబర్లతో చూపే బ్రిస్టల్ చార్టు చూపించి, "ఏ నంబరో చూసి రాయండమ్మా" అని చెప్పారు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ఆస్పత్రి డాక్టర్లు లూయిస్, హీటన్ 1997లో ప్రచురించిన చార్టు అది. ఒకటి అంటే మేకపెంటికల్లా విడివిడి ఉండలు, రెండు అంటే ఉండలు అతుక్కున్న గట్టి కడ్డీ. మూడు, నాలుగు బాగున్నట్టు: మూడుకి పైన పగుళ్లుంటాయి, నాలుగు నున్నగా మెత్తగా ఉంటుంది. అయిదు నుంచి పలచబడుతూ ఏడుకి వచ్చేసరికి ఒట్టి నీళ్లే. మలం పెద్దపేగులో ఎంత ఎక్కువసేపు నిలిస్తే పేగు అంత నీరు లాగేసుకుంటుంది. అందుకే ఆకారాన్ని బట్టి మలం లోపల ఎంత నెమ్మదిగా కదులుతోందో తెలుస్తుంది.

బెడ్‌పాన్ కడిగే ముందు చూసి నోట్‌బుక్‌లో రాసేదాన్ని. రంగు నల్లగా ఉంటే భయమేసింది. ఐరన్ వల్ల నలుపు మామూలేననీ, జిగటగా, భరించలేని కంపుతో ఉంటే మాత్రం లోపల రక్తం పోతుందేమో చూడాలనీ డాక్టర్ చెప్పారు.

పేజీ నిండా ఒకట్లు, మధ్యలో ఖాళీలు. ఉన్నట్టుండి ఒకరోజు ఏడు. పక్క గుడ్డలన్నీ తడిసిపోయాయి. విరేచనాలు కట్టే మాత్ర వేసేయమని పిన్ని గట్టిగా చెప్పింది. నేను ముందు డాక్టర్‌కి ఫోన్ చేసి నోట్‌బుక్ చదివి వినిపించాను. ఆయన వెంటనే, "మాత్ర వెయ్యొద్దు, తీసుకురండి" అన్నారు. పరీక్ష చేస్తే కింద గట్టి మలం అడ్డుపడి ఉంది. దాని పక్కల నుంచి నీళ్లు కారుతున్నాయి. మాత్ర వేసుంటే ఇంకా బిగుసుకుపోయేది.

ఎనిమా ఇచ్చారు. ట్రమడాల్ ఆపి పారాసెటమాల్, మలం మెత్తబడటానికి రాత్రిపూట లాక్టులోజ్ సిరప్ రాశారు. ఇసబ్గోల్ ఇప్పుడే వద్దన్నారు, నీళ్లు సరిగా తాగనివాళ్లకి అదే లోపల అడ్డుపడుతుందట. నెమ్మదిగా రెండు, మూడు రాయడం మొదలైంది. మొదటిసారి నాలుగు రాసిన రోజు అమ్మకి కూడా చూపించాను.

మంచాన ఉన్న పెద్దవాళ్లకి కొన్నాళ్లు మోషన్ గట్టిగా అవుతూనో, అసలు కాకుండానో ఉండి, హఠాత్తుగా నీళ్లలా పోతే, ఆపే మాత్ర వేసేముందు ఆ రెండు సంగతులూ డాక్టర్‌కి కలిపి చెప్పండి.