ఆ రంధ్రం ఎవరి నిర్ణయం?

ఒంటికి రంధ్రం కుట్టించుకునే పియర్సింగ్‌ను ఈ కాలపు పిచ్చి అనేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. ఆల్ప్స్ మంచులో 1991లో బయటపడ్డ, సుమారు 5,300 ఏళ్ల నాటి ఓట్జీ అనే మనిషి శవానికి కూడా కుట్టి సాగదీసిన చెవి తమ్మెలున్నాయి. కొత్తదా పాతదా అన్నది కాదు, ఎవరి ఇష్టంతో కుట్టారన్నదే నేను అడిగే ప్రశ్న.

బైబిల్లోని నిర్గమకాండములో ఒక చట్టం ఉంది. దాసుడు ఆరేళ్లు పనిచేస్తే ఏడో ఏట విడుదలవుతాడు. కానీ యజమాని ఇచ్చిన భార్యా, ఆమెకు పుట్టిన పిల్లలూ యజమాని దగ్గరే ఉండిపోవాలి. వాళ్లని వదిలి వెళ్లలేనంటే తలుపు దగ్గర కదురుతో అతని చెవి గుచ్చుతారు, ఇక జీవితాంతం దాసుడే. తనే ఒప్పుకున్నాడు కదా అంటారు. పిల్లల్ని వదలలేని తండ్రి ఒప్పుకోవడం కూడా ఒక ఒప్పుకోవడమేనా!

జపాన్ రచయిత్రి హితోమి కనెహరా నవల 'స్నేక్స్ అండ్ ఇయర్‌రింగ్స్' చదివినప్పుడూ ఇదే ప్రశ్న వచ్చింది. ఇరవై ఏళ్లకే ఆమెకు 2004లో అక్కడి పేరున్న సాహిత్య పురస్కారం అకుతాగవా బహుమతి తెచ్చిన పుస్తకమది. పందొమ్మిదేళ్ల అమ్మాయి నాలుక కుట్టించుకుని, అది పాము నాలుకలా చీలేదాకా రంధ్రాన్ని పెంచుకోవాలనుకుంటుంది. నిర్ణయం తనదే. కానీ కుట్టే మగవాడికి ఆమె నొప్పే ఆనందం. రచయిత్రి ఎవరి తరఫునా తీర్పు చెప్పదు, అందుకే ఆ నవలంటే నాకు గౌరవం.

పెద్ద ఆపరేషన్ నుంచి కోలుకున్నాక నేను చెవి పైభాగంలో కుట్టించుకున్నాను. నా ఒంటి మీద నేను కోరుకున్న గుర్తు ఒకటుండాలనిపించింది. ఆఫీసులో మేనేజర్ "మీటింగుల్లో తీసేయండి" అన్నారు. తమ్మె అయితే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది. పైనున్న మృదులాస్థికి రక్తం సరిగా అందదు కాబట్టి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది, మధ్యలో తీస్తే మూసుకుపోతుంది. అదంతా చెప్పి, తీయనన్నాను. కింద ఉన్న కమ్మలు మర్యాద, రెండు అంగుళాలు పైకెళ్తే అమర్యాద ఎలా అవుతుందో ఆయన వివరించలేదు.

ఆ కమ్మలకి నాకు మాటలు రాకముందే కుట్టించారట. దాని మీద నాకు కోపం లేదు, అయినా మా అమ్మాయికి పసితనంలో కుట్టించనివ్వలేదు. పదిహేనో ఏట తనే అడిగింది. సూది పట్టుకున్నావిడ నా అంగీకారంతో ఆగకుండా, తనని కూడా విడిగా అడిగాకే మొదలుపెట్టింది.