మట్టి పాదాలతో రోమ్‌లో మూడు రోజులు

దీపావళి రాత్రి మేము నలుగురం మ్యూనిక్ బస్సు స్టేషన్‌లో చలికి వణుకుతూ నిలబడి ఉన్నాం. 2024లో దీపావళి అక్టోబరు 31న, గురువారం వచ్చింది. మర్నాడు పునీతులందరి పండుగ కాబట్టి మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో సెలవు. దాని వెనకే శని, ఆదివారాలు. అన్నిటికన్నా మించి, నవంబరు 3 ఆ నెలలో మొదటి ఆదివారం. ఇటలీలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలలోకి, పురాతన కట్టడాలలోకి ఉచితంగా వెళ్ళనిస్తారు. ఈ లెక్కంతా కట్టింది మా వరంగల్ అక్క. నాకంటే మూడేళ్ళు పెద్దది, మా వసతిగృహంలో అందరికీ అక్కే. మిగిలిన ఇద్దరిలో ఒకరిది తెనాలి, ఒకరిది అనంతపురం. నాది రాజమండ్రి. చదువుకుంటూ, వారానికి కొన్ని గంటలు పని చేసుకుంటూ అద్దె కట్టుకునేవాళ్ళం. మనిషికి 200 యూరోలు, అంటే అప్పటి లెక్కలో సుమారు 18,000 రూపాయలు దాటకూడదని బయలుదేరక ముందే ఒట్టు పెట్టుకున్నాం.

జర్మనీ నివాస అనుమతి కార్డు ఉన్నవాళ్ళకు ఇటలీకి వేరే వీసా అక్కర్లేదు. అయితే కార్డు, పాస్‌పోర్టు రెండూ అసలువే వెంట ఉండాలి. తిరుగు ప్రయాణంలో అర్ధరాత్రి దాటాక పోలీసులు బస్సు ఆపి, అందరినీ లేపి చూశారు. ఫోనులో ఫొటో చూపించబోయిన ఒక కుర్రవాడిని కిందికి దింపి చాలాసేపు ప్రశ్నించారు. అందుకే ఈ మాట ముందుగా చెబుతున్నాను.

బస్సు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. లోపల వేడి సరిగా పనిచేయలేదు. అనంతపురం నేస్తం ఉదయమే కలిపి తెచ్చిన పులిహోర డబ్బా తెరిస్తే పోపు వాసన బస్సంతా వ్యాపించింది. పండుగ పూట అదే మా భోజనం. ఆల్ప్స్ కొండలు దాటుతున్నామని తెలుస్తూనే ఉంది గాని, బయట చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. "దీపావళికి దీపం పెట్టకపోవడం ఇదే మొదటిసారి" అంది అక్క కిటికీ వైపు తిరిగి. ఆ మాటకు మాలో ఎవరమూ బదులు చెప్పలేకపోయాం.

తెల్లవారి రోమ్‌లోని తిబుర్తీనా స్టేషన్‌లో దిగేసరికి అందరికీ గొంతులు ఎండిపోయి ఉన్నాయి. స్టేషన్‌లో చిన్న నీళ్ళ సీసా ధర చూసి వెనక్కి పెట్టేశాం. హాస్టల్ వెతుక్కుంటూ నడుస్తుంటే ఒక వీధి మలుపులో, నడుము ఎత్తున బూడిదరంగు ఇనుప స్తంభం ఒకటి కనిపించింది. దానికున్న వంపు గొట్టంలోంచి నీళ్ళు ఆగకుండా పడుతున్నాయి. తాగవచ్చో లేదోనని చూస్తూ నిలబడ్డాం. కూరగాయల సంచీతో వచ్చిన ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి నవ్వి, గొట్టం చివరను వేలితో మూసింది. వెంటనే గొట్టం పైభాగంలో ఉన్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు విల్లులా వంగి పైకి చిమ్మాయి. ఆవిడ తల వంచి రెండు గుక్కలు తాగి, "ఇప్పుడు మీరు" అన్నట్టు చేయి చూపించి వెళ్ళిపోయింది.

నలుగురం వంతులవారీగా తాగాం. ఆ నీళ్ళ చల్లదనం ఇప్పటికీ పళ్ళకు గుర్తుంది. ఈ కుళాయిలను 'నజోని' అంటారట, పెద్ద ముక్కులని అర్థం. 1874 నుంచి పెడుతూ వచ్చారు, నగరంలో సుమారు 2,500 ఉన్నాయి. ఎండాకాలంలో మన ఊళ్ళలో తాటాకు పందిరి వేసి, కుండలు పెట్టి నడిపే చలివేంద్రం ఏడాది పొడవునా, పగలూ రాత్రీ ఉంటే ఎలా ఉంటుందో రోమ్ అలా ఉంది. నీళ్ళు దారినపోయేవాడి హక్కు అని ఒప్పుకున్న నగరాన్ని చూస్తే నాకు ఎంతో గౌరవం కలిగింది. ఆ మూడు రోజులూ మేము నీళ్ళకు ఒక్క సెంటు కూడా ఖర్చు పెట్టలేదు.

హాస్టల్‌లో ఎనిమిది మంచాల గది. రెండు రాత్రులకు మనిషికి 62 యూరోలు. దానిమీద నగర పన్ను అక్కడికక్కడే వేరుగా కట్టించుకున్నారు. గది బుక్ చేసుకునేటప్పుడు ఈ పన్ను కూడా కలిపి లెక్క వేసుకోవాలి. సామాను పెట్టేసి నడక మొదలుపెట్టాం.

ముందు ట్రెవీ ఫౌంటెన్. నేను చిన్నప్పటి నుంచి ఫొటోల్లో చూస్తూ కలగన్న చోటు అది. తీరా వెళితే చుట్టూ కంచె, లోపల చుక్క నీరు లేదు. 25 ఏళ్ళకు ఒకసారి వచ్చే క్యాథలిక్‌ల జూబిలీ సంవత్సరం 2025లో వచ్చింది, దానికోసం అప్పట్లో నగరమంతా మరమ్మతులు చేస్తున్నారు. సరేనని నవోనా చౌక్‌కు వెళ్ళాం. అక్కడ శిల్పి బెర్నీని 1651లో పూర్తిచేసిన నాలుగు నదుల ఫౌంటెన్ ఉంది. నాలుగు ఖండాల నుంచి నాలుగు నదులకు మనిషి రూపమిచ్చిన శిల్పం. డాన్యూబ్, నైలు, దక్షిణ అమెరికాలోని లా ప్లాతా, నాలుగోది మన గంగ. తెడ్డు పట్టుకుని కూర్చున్న గంగను చూడాలని ఎంతో ఆశపడ్డాను. దాని చుట్టూ కూడా పరంజా కట్టేశారు. అంత దూరం నుంచి వచ్చి గంగమ్మ దర్శనం కాకుండా వెనుదిరగాల్సి వచ్చిందని నిజంగా బాధ కలిగింది. తెనాలి నేస్తానికైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాత్రంతా నిద్ర లేదు, కాళ్ళు నొప్పులు, పైగా అనుకున్నవి రెండూ అందలేదు.

ఎక్కడైనా కాసేపు కూర్చుందామని పక్క వీధిలోని ఒక చర్చిలోకి వెళ్ళాం. మెట్ల పైన తెల్లరాతి గోడ, పెద్దగా జనం లేరు. పేరు సాంత్ అగొస్తీనో. లోపలికి వెళ్ళగానే ఎడమవైపు మొదటి గుడిగదిలో చీకట్లో పెద్ద పటం ఒకటి ఉంది. పక్కనే నాణెం వేసే పెట్టె. అక్క ఒక నాణెం వేసింది. దీపం వెలిగింది.

నా ఎదురుగా, నా ముఖానికి కాస్త పైన రెండు మురికి పాదాలు కనిపించాయి.

అది కరవాజ్జో సుమారు 1604, 1606 మధ్య వేసిన మేరీమాత పటం. యాత్రికుల మాత అంటారు. ఒక పాత ఇంటి గడప మీద ఆమె ద్వారబంధానికి ఆనుకుని నిలబడి ఉంది. గోడకు ఒకచోట గచ్చు రాలి ఇటుకలు బయటపడ్డాయి. ఎత్తుకున్న పిల్లవాడు ఒడిలోంచి జారేంత ఎదిగినవాడు, ఆ బరువంతా ఆమె చేతుల్లో తెలుస్తోంది. ఆమె కాళ్ళకూ చెప్పులు లేవు. ఎదురుగా ఇద్దరు ముసలివాళ్ళు, భుజానికి ఆనించిన ఊతకర్రలతో మోకాళ్ళ మీద ఉన్నారు. ఆడమనిషి తలగుడ్డ మాసి ముడతలు పడింది. మగమనిషి పాదాలు మనవైపు తిరిగి ఉన్నాయి. అరికాలి గీతల్లో ఇంకిన దుమ్ము, వాచిన మడమలు కూడా చూపించాడు చిత్రకారుడు. ఈ పటాన్ని మొదట పెట్టినప్పుడు పవిత్రమైన చోట ఇంత మురికి పాదాలు ఏమిటని జనంలో పెద్ద గోల పుట్టిందట.

నాకు మాత్రం మా అమ్మమ్మ గుర్తుకొచ్చింది. అలిపిరి మెట్లన్నీ చెప్పులు లేకుండా ఎక్కి కొండమీదికి చేరాక, అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేను అప్పుడు ఆరో తరగతి. ఆమె అరికాళ్ళు సరిగ్గా ఇలాగే ఉన్నాయి. పసుపు రాసుకుని బయలుదేరిన పాదాలు, నల్లగా, పగిలి. ఆ పాదాలకు ఇంత పెద్ద పటంలో, ఇంత ముందు వరుసలో చోటు ఇచ్చిన మనిషి 400 ఏళ్ళ క్రితం ఈ ఊళ్ళో ఉన్నాడని తెలిసి ఒళ్ళు పులకరించింది. దీపం ఆరిపోయింది. తెనాలి నేస్తం తన సంచీలోంచి ఇంకో నాణెం తీసి వేసింది. ఆ తరువాత ట్రెవీ గురించి, గంగ గురించి ఎవరమూ దిగులుపడలేదు.

మరునాటి నుంచి నాకు ఊరంతా పాదాలే కనిపించాయి. శనివారం పొద్దున్నే ఏడింటికల్లా వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చికి వెళ్ళాం. ప్రవేశం ఉచితం, తనిఖీ వరుస మాత్రం ఉంటుంది. పొద్దెక్కితే అది చౌక్ చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఎంత పెందలాడే వెళితే అంత మంచిది. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి. మేము చుడీదార్లలో ఉన్నాం కాబట్టి ఇబ్బంది లేదు. బెర్నీని చేసిన దాదాపు 29 మీటర్ల కంచు మండపానికి కట్టిన పరంజాను కొద్ది రోజుల క్రితమే తీసేశారు. బంగారు పూత కొత్తగా మెరుస్తోంది. అందరూ దానికి ఫొటోలు తీస్తుంటే నేను పక్కనున్న పీటర్ కంచు విగ్రహం దగ్గర ఆగిపోయాను. వందల ఏళ్ళుగా యాత్రికులు తాకి, ముద్దు పెట్టుకుని ఆ కుడిపాదం నున్నగా అరిగిపోయింది. వేళ్ళకు విడివిడి ఆకారమే మిగల్లేదు. మన పాత గుళ్ళలో గడప రాయి మధ్యలో గుంటపడినట్టు ఉంటుంది చూడండి, అదే అరుగుదల.

తిండి సంగతి. హాస్టల్ వంటగదిలో రాత్రి అన్నం వండుకుని కందిపొడి, నెయ్యి కలుపుకున్నాం. మధ్యాహ్నం పూట బరువు తూచి అమ్మే పిజ్జా. ఎంత కావాలో చేత్తో చూపిస్తే కత్తెరతో కత్తిరించి ఇస్తారు. మాంసం లేనివి నాలుగైదు రకాలు ఎప్పుడూ ఉంటాయి. కాఫీ నిలబడి తాగితే అప్పుడు యూరో ఇరవై సెంట్లు. అదే కుర్చీలో కూర్చుంటే ధర మారిపోతుంది. స్పానిష్ మెట్ల మీదనైతే డబ్బులిచ్చినా కూర్చోనివ్వరు. 2019 నుంచి నిషేధం, జరిమానా 400 యూరోల దాకా ఉంది. అక్కడ మేము ఆగలేదు. బస్సు, మెట్రో టికెట్ అప్పుడు యూరోన్నర. మూడు రోజుల్లో మూడుసార్లే ఎక్కాం, మిగిలినదంతా నడకే.

శనివారం సాయంత్రం ఒక్క పూట మాత్రం చిన్న హోటల్లో కూర్చుని తిన్నాం. వేడి పాస్తాలో గొర్రెపాల చీజ్, దంచిన మిరియాలు, అంతే. మొదటి ముద్దకే మిరియం ఘాటు ముక్కుకు తగిలి అక్క "ఇది మన వంటే" అంది. ఆ మాట ఆదివారం నాకు మళ్ళీ గుర్తొచ్చింది.

ఆదివారం ఏడున్నరకే కొలోసియం ముందు వరుసలో నిలబడ్డాం. అప్పటికే వందల మంది ఉన్నారు. మనుషులు, మృగాల పోరాటాలు చూడడానికి క్రీ.శ. 80లో తెరిచిన ఈ కట్టడంలో సుమారు 50,000 మంది పట్టేవారట. నాకు నచ్చింది తోరణాల మీద ఇంకా చెదరని రోమన్ అంకెలు. 80 ద్వారాలు, ఎవరు ఏ ద్వారంలోంచి వెళ్ళాలో తెలిపే గుర్తులవి. లోపల రాయి రాయికీ వెనక ఎవరి చావు ఉందోనన్న ఆలోచన నన్ను వదల్లేదు. ఎక్కువసేపు ఉండలేకపోయాను. దాని పక్కనే, పాత రోమ్‌కు నడిబొడ్డైన ఫోరమ్ శిథిలాల్లోకి వెళ్ళాక ఊపిరి తీసుకున్నాను. అక్కడ మాక్సెంటియస్ బసిలికా ఆకాశమంత కమానుల కింద ఒకప్పుడు, ఆ కట్టడం రాకముందు, మిరియాల గిడ్డంగులు ఉండేవి. డొమిషియన్ చక్రవర్తి కట్టించాడు. మన దేశం నుంచి ఎర్రసముద్రం మీదుగా వచ్చిన సరుకు అక్కడ నిలవ చేసేవారు. భారతదేశానికి ఏటా 5 కోట్ల సెస్టెర్స్‌లు, అంటే అప్పటి రోమన్ నాణేలు, తరలిపోతున్నాయని ఆ కాలపు రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. మిరియాలు మలబారువి, నిజమే. కాని ఆ వ్యాపారపు నాణేలు మన నల్గొండ జిల్లాలో, నాగార్జునకొండలో కూడా భూమిలోంచి బయటపడ్డాయి. వాటిని పంపిన సామ్రాజ్యపు రాజధానిలో, మట్టి కొట్టుకున్న బూట్లతో నిలబడి ఉన్నాననుకుంటే మాట రాలేదు. "ఏమే, అలా నిలబడిపోయావు?" అని అక్క భుజం తట్టింది. చెబితే తనూ ఆ ఇటుకల వైపు చాలాసేపు చూసింది.

మధ్యాహ్నం పాంథియాన్ అనే పురాతన రోమన్ దేవాలయం. అప్పట్లో మామూలు రోజుల్లో 5 యూరోలు, ఆ రోజు ఉచితం. 43 మీటర్ల అడ్డుకొలత ఉన్న గోపురం, ఇనుప ఊచ ఒక్కటి లేని కాంక్రీటు, 1,900 ఏళ్ళుగా నిలిచి ఉంది. నడినెత్తిన కప్పులేని గుండ్రని కన్ను. నవంబరు ఎండ వాలుగా పడుతుంది కాబట్టి వెలుగు వృత్తం నేలకు దిగకుండా పైన గోపురం లోపలి గళ్ళ మీదే మెల్లగా జరుగుతోంది. అనంతపురం నేస్తం సివిల్ ఇంజినీరు. ఆ పిల్ల నేల మీద వాన నీళ్ళు పోయే సన్నని రంధ్రాలు లెక్కపెడుతూ ఒంగి తిరుగుతుంటే కాపలాదారు కూడా దగ్గరికొచ్చి ఇంకో రెండు చూపించాడు.

బస్సుకు ఇంకా మూడు గంటలుంది. లెక్క చూసుకుంటే మనిషికి 191 యూరోలు అయ్యాయి. "ఇంకోసారి ఆ పాదాల దగ్గరికి వెళ్దామా?" అని నేను అడగకముందే తెనాలి నేస్తం అటు తిరిగింది. అయిదు నిమిషాల నడకే.

చర్చిలో సాయంత్రపు చీకటి. ముందు బల్లల మీద ఇద్దరు ముగ్గురు ప్రార్థనలో ఉన్నారు. అక్క తన పర్సులో వెతికి ఒక యూరో తీసింది. పెట్టెలో వేసే ముందు ఒక్క క్షణం ఆగి కళ్ళు మూసుకుంది, ఇంట్లో దేవుడి దగ్గర ఒత్తి వెలిగించే ముందు ఆగినట్టు. దీపం వెలిగింది. ముసలాయన పాదాలు, మాసిన తలగుడ్డ, గడప మీద తల్లి. అది ఆరేదాకా నలుగురం కదలకుండా నిలబడ్డాం. బయటికి వచ్చి, వీధి చివరి ఇనుప కుళాయి దగ్గర నాలుగు సీసాలూ నింపుకుని, తిబుర్తీనా వైపు నడిచాం.