పాలలాంటి సీరం

పదకొండేళ్లుగా మహారాణిపేటలో ఓ చిన్న ల్యాబ్‌లో రక్తాలు తీస్తున్నాను. మొన్నామధ్య మా పక్క పోర్షన్ మావయ్యగారి రక్తం ట్యూబు గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్‌లోంచి తీస్తే, పైన లేత పసుపు నీళ్లలా తేలాల్సిన సీరం అచ్చం గేదెపాలలా ఉంది. ట్యూబు వెనక వేలు పెట్టి చూశాను. వేలు కనబడలేదు. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే కొవ్వు, 840. ఉండాల్సింది 150 లోపు.

(ఆయనకి చెప్పే రాస్తున్నానులెండి.)

500 దాటితే పాంక్రియాస్ వాచే భయం ఉంటుందని డాక్టరుగారు చెప్పారట, మందులు రాశారు. సాయంత్రం మావయ్యగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "కొవ్వు పైపుల్లో పేరుకుంటుంది, అంతేగా అమ్మాయ్?"

అది సగం కథే. రక్తంలో గడ్డ కట్టడం ఎంత అవసరమో, అది కరగడమూ అంతే. నాళాల లోపలి పొర టీపీఏ అనే ప్రొటీన్ వదులుతుంది. అది ప్లాస్మినోజెన్‌ని ప్లాస్మిన్‌గా మారిస్తే, ఆ ప్లాస్మిన్ గడ్డలోని ఫైబ్రిన్ పోగుల్ని తెంపుతుంది. టీపీఏకి బ్రేకు వేసేది పీఏఐ-1 అనే ఇంకో ప్రొటీన్. ట్రైగ్లిజరైడ్లను మోసే వీఎల్‌డీఎల్ రేణువులు పెరిగితే ఈ బ్రేకూ పెరుగుతుంది. పొట్ట చుట్టూ కొవ్వు, ఫ్యాటీ లివర్ ఉంటే మరీను. పైగా తెల్లవారుజామున మామూలు మనిషిలోనూ ఇది ఎక్కువే.

ఇక లివర్. రక్తంలోకొచ్చిన టీపీఏలో సగాన్ని సుమారు 5 నిమిషాల్లో లాగేస్తుంది. స్ట్రోక్‌కి ఇచ్చే ఆల్టెప్లేస్ ఈ టీపీఏనే. అందుకే పదో వంతు ఒక్కసారిగా ఎక్కించి, మిగతాది గంటసేపు డ్రిప్‌లో పెడతారు. లివర్ కణాల మీద టీపీఏని పట్టుకునే రిసెప్టర్లలో ఎల్‌ఆర్‌పీ-1 ఒకటి. మనం తిన్న కొవ్వు తాలూకు మిగులు రేణువులు లోపలికెళ్లే గేట్లలో అదీ ఒకటి.

మావయ్యగారు పోర్టులో చేసి రిటైరయ్యారు. గేటు అనగానే పట్టేశారు. "కొవ్వు లారీలు గేటు దగ్గర జామ్ చేస్తే టీపీఏ బయటే ఎక్కువసేపు తిరుగుతుంది. మంచిదేగా!"

నిజంగా మంచి ప్రశ్న. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లలో టీపీఏ కొలిస్తే చాలాసార్లు ఎక్కువే కనిపిస్తుంది. కానీ అందులో చాలావరకు పీఏఐ-1కి అతుక్కుపోయి ఉంటుంది. అలా అతుక్కున్నది పనిచేయదు.

"అంటే మస్టర్ నిండా పేర్లున్నాయి, పనిలో మనిషి లేడన్నమాట!" అన్నారు. నేను ఇంత బాగా చెప్పలేను.

సాయంత్రం పెగ్గు మానేశారు, షుగర్ దారికొచ్చింది. రెండు నెలలకి 310. ఈసారి రిపోర్టు కాదు, ట్యూబే చూస్తానని ల్యాబ్‌కి వచ్చారు. కిటికీ వెలుగులో పెట్టి వెనక ఆయనే వేలు పెట్టారు. మసకగా కనబడింది.

"ఇంకా మజ్జిగ తేటలా ఉందే," అన్నారు.