శుక్రవారం పరీక్ష

శుక్రవారం పెట్టుకోవడం నా తప్పే. కాదు, మా అమ్మ తప్పు.

ఎన్‌క్లెక్స్, అంటే అమెరికాలో నర్సు లైసెన్సు కోసం రాసే పరీక్ష, మొదటిసారి మంగళవారం రాశాను. పోయింది. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మది ఒకటే పాట, "మంగళవారం పూట ఎవరైనా మంచి పనికి బయల్దేరతారే?" అని. రెండోసారి తేదీ తీసుకుందామని కూర్చుంటే మాకు దగ్గర్లో ఉన్న సెంటర్లో ఖాళీలు రెండే కనపడ్డాయి. ఒకటి బుధవారం, రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వెళ్లాల్సిన రోజు. రెండోది శుక్రవారం. అమ్మవారి రోజు కదా అని నొక్కేశాను. నొక్కాక గుర్తొచ్చింది, ఫలితం రెండు పనిదినాలు గడిస్తే గానీ రాదని. శని, ఆదివారాలు లెక్కలోకి రావు. శుక్రవారం రాస్తే తేలేది మంగళవారం. ఎటు తిరిగినా మంగళవారం నన్ను వదల్లేదు.

రాహుకాలం గొడవ ఇంకొకటి. శుక్రవారం పదిన్నరకి రాహుకాలం, ఆ లోపు రాసి బయటికొచ్చెయ్యమంది. ఐదు గంటల పరీక్షమ్మా అంటే, "ఐదు గంటలు ఏం రాస్తారే?" అని బోలెడు ఆశ్చర్యపోయింది. ఇక్కడ పొద్దున ఎనిమిదంటే భీమవరంలో సాయంత్రం ఐదున్నర, అక్కడి రాహుకాలం అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది కదా అన్నాను. కాసేపు ఆలోచించింది. "అయితే పర్లేదులే."

అమ్మకి నేను చెప్పింది "ప్రమోషన్ పరీక్ష" అని. ఆవిడ లెక్కలో నేను అమెరికాలో నర్సుని. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆస్పత్రి. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే మంచాన పడ్డ పెద్దవాళ్లు ఉండే చోటు. "నర్సింగ్ హోమ్‌లో చేస్తున్నానమ్మా" అన్నాను, నిజమే చెప్పాను, మిగతా అబద్ధం ఆ మాటే ఆడింది.

జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, మూడున్నరేళ్లు చదివాను. విజయవాడలో రెండేళ్లు, కువైట్‌లో పదకొండేళ్లు చేశాను, అందులో ఎక్కువ కాలం ఐసీయూలోనే. మా పెళ్లికి ముందే, 2005లో, అమెరికాలో ఉన్న మా ఆడపడుచు తన తమ్ముడి కోసం, అంటే మా ఆయన కోసం, వేసిన గ్రీన్ కార్డు పిటిషన్ 2022లో పండింది. పదిహేడేళ్లు. దాన్ని వేసిన సంగతి మేం మర్చిపోయి, పిల్లాణ్ని కని, వాణ్ని ఆరో క్లాసులో చేర్పించాక వచ్చింది. వదులుకుంటామా మరి, వచ్చేశాం. న్యూజెర్సీలో దిగిన మూడో నెలకే ఆయన ఒక గోడౌన్‌లో, నేను నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు చేసుకుని ఈ హోమ్‌లో. రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా. పెద్దవాళ్లని రెండేసి గంటలకోసారి పక్కకి తిప్పడం, డైపర్లు మార్చడం, ఒళ్లు తుడవడం, బీపీ చూసి రాయడం. ఇది తక్కువ పనని నేననను. దీన్ని శుభ్రంగా చేసేవాళ్లు లేకపోతే ఆ హోమ్ ఒక్క పూట నడవదు. కాకపోతే ఆ బీపీ కాగితం తీసుకెళ్లి పాతికేళ్ల నర్సు పిల్ల టేబుల్ మీద పెట్టి, ఆ అంకె చూస్తే నాకేమనిపించిందో నోరెత్తకుండా వెనక్కి వచ్చేయాలి. అదీ కష్టం.

ఆ టేబుల్‌కి అటువైపు వెళ్లాలంటే ఎన్‌క్లెక్స్ గట్టెక్కాలి. చదువు కాగితాలు మన ఊరి నుంచి తెప్పించి, వాటిని విదేశీ నర్సుల చదువుని పరిశీలించే సీజీఎఫ్‌ఎన్‌ఎస్ వాళ్లు తూచి, రాష్ట్ర బోర్డు సరేనని, పరీక్షకి అనుమతి పంపేసరికి ఏడాది గడిచింది. ఆ ఏడాది మా అన్నయ్య స్కూటర్ ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగిందో రాస్తే అదే ఒక రామాయణం, వదిలేద్దాం.

వింతైన పరీక్ష ఇది. అందరికీ ఒకే పేపర్ ఉండదు. సరిగ్గా చెబితే కంప్యూటర్ తర్వాతది ఇంకాస్త కష్టంగా ఇస్తుంది, తప్పు చెబితే కాస్త తేలికది ఇస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో కనీసం 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150. 85 పూర్తయ్యాక ఎక్కడైనా సరే, ఈ మనిషి పాస్ గీత దాటిందనో దాటలేదనో 95 శాతం నమ్మకం కుదిరిన క్షణాన ఆగిపోతుంది. ఆగింది ఎందుకో చెప్పదు. మార్కులుండవు. ఎంత చదివినవాళ్లకైనా తమ మట్టానికి సరిపడా కష్టమైనవే వస్తుంటాయి కాబట్టి, బయటికొచ్చినవాళ్లని ఎవర్నడగండి, "పోయిందనుకుంటున్నా" అనే అంటారు.

చదవడం మొదలుపెట్టాక ముందు మందుల పేర్లు మళ్లీ నేర్చుకున్నాను. మన పారాసిటమాల్ ఇక్కడ ఎసిటమినోఫెన్. అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, సాల్‌బ్యుటమాల్ ఆల్బ్యుటెరాల్, పెథిడిన్ మెపెరిడిన్. పెళ్లిలో పట్టుచీరలు కట్టుకొచ్చిన ఇరుగుపొరుగులా, తెలిసిన మొహాలే గానీ వెంటనే పోల్చుకోలేం. షుగర్ అంకెలు ఇంకో తంటా. కువైట్‌లో 5.5 అంటే బాగున్నట్టు. ఇక్కడ కొలత వేరు, అదే మనిషికి 100 అని రాస్తారు. పదకొండేళ్లు ఆ అంకెలతో బతికిన బుర్ర కదా, షుగర్ ప్రమాదంగా పడిపోయిందని చెప్పే 48 కనిపించినా భయపడడానికి ఒక్క క్షణం ఆలస్యమయ్యేది.

వీటన్నిటికంటే కష్టమైంది "డాక్టరుకి చెప్తాను" అనే అలవాటు మానడం. నేను చదివిన చోట, పనిచేసిన చోట్ల అదే మర్యాద, అదే రక్షణ. ఈ పరీక్షలో నాలుగు జవాబుల్లో అదొకటి ఎప్పుడూ ఉంటుంది, చెయ్యి దానంతటదే అటు పోతుంది, చాలాసార్లు అది తప్పు. ముందు నువ్వు మంచం దగ్గరికి వెళ్లు, చూడు, నువ్వు చేయగలిగింది చెయ్యి, అప్పుడు చెప్పు. ఆ వరస ఒంటబట్టడానికి నాకు నెలలు పట్టింది.

నవ్వొచ్చేది ఇంకొకటి ఉంది. "ఈ పనుల్లో నర్సింగ్ అసిస్టెంట్‌కి ఏది అప్పగిస్తావు?" అనే రకం ప్రశ్నలు. ఏడింటికి డ్యూటీ దిగి, పిల్లాణ్ని బడి బస్సెక్కించి, తొమ్మిదికి వంటింటి బల్ల మీద యూవరల్డ్ అనే ప్రాక్టీసు ప్రశ్నల సైటు తెరిస్తే మొదటి ప్రశ్న అదే. నిలకడగా ఉన్న మనిషికి స్నానం, బీపీ, మూత్రం కొలత అప్పగించవచ్చు. కొత్తగా చేరిన మనిషిని పరీక్షించడం, రోగికి జాగ్రత్తలు నేర్పడం, ఏమవుతోందో అంచనా కట్టడం అప్పగించకూడదు. అంటే రాత్రంతా నేను చేసొచ్చిన పనులే పొద్దున నేను ఇంకెవరికో పురమాయించాలి. నాకు ఏది చేతకాదో నేనే గుర్తు పెట్టాలి. అవి తప్పు పెట్టేదాన్ని, ఏం చేయను! అసిస్టెంట్‌కి ఆ మాత్రం తెలియదా అనిపించేది.

మొదటిసారి 2023 నవంబర్‌లో రాశాను. 85 దాటింది, వంద దాటింది, 150 దాకా లాగింది. కారులో కూర్చుని, కువైట్‌లో నాతో చేసిన మలయాళీ చేచి (వాళ్ల భాషలో అక్క) చెప్పిన చిట్కా వేశాను. అదేమిటంటే, పరీక్ష రాసిన రోజే పరీక్షకి పేరు నమోదు చేసుకునే పియర్సన్ సైటులో మళ్లీ అదే పరీక్షకి డబ్బు కట్టబోవాలి. కట్టనివ్వకపోతే పాస్. కట్టించుకుంటే ఫెయిల్. దీన్ని నమ్మొద్దని పరీక్ష పెట్టేవాళ్లే చెప్తారు, అయినా వేయని నర్సు నాకు తెలిసి లేదు. అందరూ చెల్లని కార్డు నంబరు కొడతారట. ఆ సంగతి చేచి చెప్పలేదు, నేను అసలు కార్డే కొట్టాను. 200 డాలర్లు టక్కున పోయాయి. పార్కింగ్‌లో నా ఫలితం నాకు అలా తెలిసింది. తర్వాత వచ్చిన కాగితంలో ఒక్కో భాగానికీ గీతకి పైన, గీత దగ్గర, గీతకి కింద అని రాస్తారు. పనుల అప్పగింతలుండే భాగంలో నాకు "కింద".

మళ్లీ రాయడానికి 45 రోజులు ఆగితే చాలు. నేను ఆరు నెలలు ఆగాను. మొదట్లో పుస్తకం ముట్టబుద్ధే కాలేదు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, రెండున్నర అయి ఉంటుంది, పన్నెండో గదిలో పెద్దావిడని పక్కకి తిప్పబోతే దుప్పటి తడిగా తగిలింది. మూత్రం కాదు, చెమట. చలికాలం, ఆవిడ వేళ్లు వణుకుతున్నాయి, నన్ను ఎవరి పేరుతోనో పిలుస్తోంది. ఆవిడకి రాత్రి ఇన్సులిన్ ఉంది, భోజనం పళ్లెం సగం వెనక్కి వెళ్లింది, సాయంత్రం వాళ్లు రాసిన ఆ లెక్క డ్యూటీ ఎక్కగానే చూశాను. షుగర్ చూసే మిషన్ మా దగ్గర అసిస్టెంట్లు ముట్టకూడదు. పరుగెత్తాను. నర్సు ఇంకో గదిలో ఉంది. "పన్నెండులో ఆవిడకి షుగర్ పడిపోయింది" అన్నాను. పడిపోయినట్టుంది అని కూడా అనలేదు. ఆ అమ్మాయి నా మొహంలోకి ఒకసారి చూసి, మిషన్ పట్టుకుని నాతో వచ్చింది. 48. ఆవిడ మింగగలుగుతోందో లేదో చూసి పళ్లరసం తాగించాం, పావుగంట ఆగి మళ్లీ చూస్తే 80 దాటింది. "నువ్వు ఇంతకు ముందు ఎక్కడ చేశావు?" అని అడిగింది ఆ అమ్మాయి. ఏడాదిన్నరలో ఆ హోమ్‌లో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. నేనూ చెప్పలేదనుకోండి.

మర్నాడు పొద్దున ల్యాప్‌టాప్ తెరిచాను.

మే నెలలో శుక్రవారం. నల్లపూసలు ఇంట్లోనే తీసి పెట్టాను, అక్కడ తీయమంటే బాగుండదని. పాస్‌పోర్టు, ఫొటో, రెండు అరచేతుల నరాల ముద్ర. ఫోన్‌ని సంచిలో పెట్టి మూసేశారు. జేబులు తిరగేసి చూపించాను, కళ్లద్దాలు తీసి ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చారు. రాసుకోవడానికి ఒక పలక, మార్కర్. నలభైకి దగ్గరపడుతున్న వయసులో పలక పట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. ప్రశ్నలు బయట చెప్పనని ఒప్పుకున్నాకే పరీక్ష తెరుచుకుంటుంది కాబట్టి అవి చెప్పను. అసిస్టెంట్‌కి ఏం అప్పగిస్తావనే రకం వచ్చిందా అంటే, మీరే ఊహించుకోండి.

84 దగ్గర కడుపులో తిప్పింది. 85కి జవాబు నొక్కాక తెర ఒక్క క్షణం తెల్లబోయి, పరీక్ష అయిపోయిందంది. మూడు గంటలు కూడా కాలేదు. 150 దాకా లాగితే ఏడ్చాను, 85కే ఆపితే ఇంకా భయమేసింది. మొదటిసారి గీత దగ్గరైనా వేళ్లాడాను, ఈసారి చూడగానే పనికిరాదని తేల్చేసిందేమో.

చిట్కా వేయనని ఒట్టు పెట్టుకున్నాను. ఆయన పెట్టుకోలేదు. ఆ రాత్రి ఫోన్ పట్టుకుని బాత్రూమ్‌లోకి వెళ్లి పావుగంటకి బయటికొచ్చారు. నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఇక శనివారం అంతా ఆ మొహం చదవడమే నా పని. పదిహేనేళ్ల కాపురంలో ఆయన మొహం అంత ఖాళీగా ఎప్పుడూ చూడలేదు. అన్నంలో నెయ్యి ఆయనే వేశారు, రెండు చెంచాలు. ఓదార్పో, సంబరమో! పిల్లాడి మీద కారణం లేకుండా అరిచాను, తర్వాత వాడికి ఐస్‌క్రీమ్ కొనిపెట్టాను. ఆదివారం బ్రిడ్జ్‌వాటర్ వెంకన్న గుడికి వెళ్లాం. మొక్కుకోవడానికి కూడా ఏం మొక్కుకోవాలో తెలియలేదు, రాసిన జవాబులు రాసేశాను కదా, ఇప్పుడు ఆయన మాత్రం ఏం చేస్తాడు? పులిహోర తిని వచ్చేశాం. అర్ధరాత్రి లేచి ఒక ప్రశ్నకి జవాబు వెతికి చూసుకున్నాను. తప్పు. ఇంకోటి వెతకలేదు.

సోమవారం రాత్రి డ్యూటీ. పన్నెండో గది పెద్దావిడ బాగానే ఉంది, నన్ను ఆ వేరే పేరుతోనే పిలిచింది, పలికాను.

మంగళవారం పొద్దున ఏడింటికి దిగి కారులో కూర్చున్నాను. ఫలితం ముందుగా చూడాలంటే 7.95 డాలర్లు కట్టాలి. ఎనిమిది దాటేదాకా నాలుగుసార్లు తెరిచాను, ఇంకా లేదంది. ఐదోసారి డబ్బు కట్టమంది. కట్టాను. ఒక గడిలో నా పేరు, పక్క గడిలో పరీక్ష పేరు, దాని పక్కన పాస్ అని చిన్న అక్షరాలు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను.

ఆయనకి చేశాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లిగా, "శుక్రవారం నేనోసారి చూశానే. ఏవో ఎర్రక్షరాలొచ్చాయి, డబ్బు తీసుకోలేదు. తీరా చూస్తే ఆ కార్డు గడువు ఏప్రిల్‌తో అయిపోయింది. నువ్వు పాసయ్యావని తీసుకోలేదో, కార్డు చచ్చిందని తీసుకోలేదో తెలియక చచ్చాను" అన్నారు. మూడు రోజులూ ఆ మొహం అందుకే అలా ఉందన్నమాట.

అమ్మకి చేస్తే దీపం పెడుతోంది, ఉండమంది. గంట చప్పుడు వినపడింది.

"ప్రమోషన్ వచ్చిందమ్మా."

"చూశావా మరి, శుక్రవారం అంటే అదీ! అవునే, ఇప్పుడు నువ్వు నర్సు మీద ఏమవుతావు?"

రాత్రికి మళ్లీ డ్యూటీ ఉందమ్మా, పడుకోవాలి అని పెట్టేశాను.