అంబాసిడర్‌కి క్రాంక్ సెన్సర్

మా అంబాసిడర్‌లో ఉన్నది 1489 సీసీ బీఎంసీ పెట్రోల్ ఇంజన్. ప్లగ్‌లకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్‌ని వేళ్లతో కదిపితే పక్కకు ఆడేది, లోపల బుష్‌లు అరిగిపోయాయి. షాఫ్ట్ ఆడితే, స్పార్క్ కోసం కరెంటుని తెగ్గొట్టే పాయింట్ల గ్యాప్ మారుతుంది, దాంతో స్పార్క్ పడే సమయం, అంటే టైమింగూ మారుతుంది. పైగా పిస్టన్లు తిప్పే క్రాంక్ నుంచి చైన్, క్యామ్‌షాఫ్ట్, గేర్, ఇన్ని చేతులు మారాకే కదలిక అక్కడికి చేరుతుంది. డిస్ట్రిబ్యూటర్ తిరిగేది క్రాంక్ వేగంలో సగమే కాబట్టి, అక్కడ ఒక డిగ్రీ తేడా వస్తే క్రాంక్ దగ్గర రెండు డిగ్రీలు.

"కొత్త పాయింట్లు, కండెన్సర్ వేయించుకుంటే సరిపోతుంది కదండీ" అన్నాడు విజయవాడ ఆటోనగర్‌లో లేత్ నడిపే ఆయన. కొన్నాళ్లు సరిపోతుంది, నిజమే. కానీ పిస్టన్ ఎక్కడుందో తెలియాలంటే క్రాంక్ దగ్గరే చూడాలని నా పట్టుదల. అందుకే అక్కడ సెన్సర్ పెట్టి, స్పార్క్ ఎప్పుడు పడాలో చూసుకునే పని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బాక్సుకి అప్పగించాను.

ఆయన దగ్గరే క్రాంక్ పుల్లీ ముందు బిగించే చక్రం చేయించాను. 36 పళ్లు పట్టే చోట 35 పళ్లు, ఒకచోట ఖాళీ. పన్నుకీ పన్నుకీ మధ్య 10 డిగ్రీలు. ఆ ఖాళీ ఎప్పుడు దాటిందో చూసి ఇగ్నిషన్ బాక్సు లెక్క మొదలుపెడుతుంది. చక్రం ఇనుముదే కావాలి. నేను వాడిన రకం సెన్సర్‌లో ఉండేది అయస్కాంతం, దాని మీద తీగచుట్ట, అంతే. అల్యూమినియం పళ్లకి అది పలకదు. మధ్యలో రంధ్రం పెద్దదిగా పెట్టించాను, హ్యాండిల్ వేసి తిప్పే వీలు పోకూడదుగా!

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది బ్రాకెట్ మీద. చైన్ మీద మూతలా ఉండే టైమింగ్ కవర్ పల్చటి రేకు, దాన్నే నమ్ముకుంటే సెన్సర్ వణుకుతుంది. కవర్ వెనక మందపాటి ప్లేటుని పట్టుకునే బోల్టులకే 6 మిల్లీమీటర్ల ఇనుప పట్టీ బిగించాను. సెన్సర్‌కీ పళ్లకీ మధ్య ఫీలర్ గేజ్‌తో 0.8 మిల్లీమీటర్లు పెట్టాను. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజన్ మెల్లగా తిరుగుతుంది కాబట్టి సిగ్నల్ బలహీనంగా వస్తుంది. గ్యాప్ ఎక్కువైతే బండి స్టార్టే కాదు.

పాత పుల్లీ మీది గాటుని నేను నమ్మను. ఒకటో నంబర్ ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో పిస్టన్‌కి అడ్డుగా స్టాప్ బిగించి, హ్యాండిల్‌తో మెల్లగా ఒకవైపు తగిలేదాకా, మళ్లీ రెండోవైపు తగిలేదాకా తిప్పాను. ఆ రెండు గుర్తులకి సరిగ్గా మధ్యలో ఉన్నదే అసలైన టీడీసీ, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు. ఖాళీ పన్ను దానికి 90 డిగ్రీల ముందు, అంటే తొమ్మిది పళ్ల ముందు, సెన్సర్‌ని దాటేలా చక్రాన్ని బిగించాను.

స్పార్క్ పుట్టించే కాయిళ్లు రెండు. ఒకటి 1, 4 సిలిండర్లకి, ఇంకోటి 2, 3కి. జతలో ఒక స్పార్క్ ఎగ్జాస్ట్ చివర్లో వృథాగా పడుతుంది, దానివల్ల నష్టమేమీ లేదు. రోటర్, క్యాప్ పని ఇక లేనట్టే.

సెన్సర్ వైరు షీల్డ్ ఉన్నదే వాడండి, ఆ షీల్డ్‌ని ఒకవైపే ఎర్త్ చేయండి. రెండు వైర్లు తారుమారైనా బండి స్టార్ట్ అవ్వొచ్చు కాబట్టి పరీక్ష తప్పనిసరి. బాక్సులో టైమింగ్‌ని టీడీసీకి 10 డిగ్రీల ముందు కట్టేసి, స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసే టైమింగ్ లైట్ పెట్టి రేజ్ చేయాలి. వేగం పెరిగేకొద్దీ ఆ వెలుగులో టీడీసీ గుర్తు జరుగుతుంటే వైర్లు మార్చి మళ్లీ చూడాలి. మా బండిలో ఐడిల్‌లోనూ, 3000 ఆర్పీఎం దగ్గరా గుర్తు కదల్లేదు. ఎంత సంతోషమేసిందో!

ఇప్పుడు మ్యానిఫోల్డ్ నుంచి బాక్సుకి వాక్యూమ్ గొట్టం కలిపి, లోడ్‌ని బట్టి అడ్వాన్స్, అంటే స్పార్క్ ఎంత ముందు పడాలన్నది, సరిచేస్తున్నాను. అంకెలు కుదిరాక ఇక్కడే పెడతాను.